క్రొత్త యింటి ముందుగదియు భోజనస్థలమును

గృహాలంకరణమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుడని మిత్రులు కోరినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. ఇల్లు కట్టి చూడుమన్న సామెత నెఱిగినవారికి, కట్టిన పిమ్మట అలంకారమునకు మిగులు సొమ్మెంతయో వేఱుగ జెప్ప నక్కఱలేదు. అయినను బాన్సువాడలో నీ పదేండ్లలో క్రొత్త యిండ్లు చాల లేచినవి. 2015లో రాష్ట్రప్రభుత్వము తలపెట్టిన రెండు పడకగదుల యిండ్లును ఈ ప్రాంతమున గలవు. వాని వైశాల్యము 560 చదరపు అడుగులు. ఇంచుమించు అంతే కొలతతో సొంతముగ గట్టుకొన్నవారును గలరు. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు.

ఇట్టి యింట ముందుగది యొక్కటియే. చుట్టము కూర్చుండుటయు, ఇంటిల్లిపాది భుజించుటయు, పదవ తరగతి పిల్ల పాఠము చదువుకొనుటయు నందే జరుగవలెను. ఆ గదిని ఎవరికొఱకు తీర్చుచున్నామను ప్రశ్నను మొదట తేల్చుకొనవలెను. సంవత్సరమునకు నాలుగుమారులు వచ్చు చుట్టమునకా, ప్రతిరాత్రి చదువుకొను పిల్లకా? మేము పిల్లపక్షము వారము.

మన తాతలనాటి భవంతి యిండ్లలో నీ చిక్కు లేకుండెను. వీథివైపు అరుగు, లోపల దాలానము, నడుమ ఆకాశము కనబడు ముంగిలి, వెనుక వంటయిల్లు, దేనిపని దానికుండెను. గోడల దిగువభాగమున జాజు పూసి పైన సున్నము వేసెడివారు. అది సొగసుకొఱకు మాత్రమే కాదు. పిల్లల చేతిమురికియు, చీపురుదెబ్బయు, వానబురదయు జాజురంగులో గలిసిపోవును. పైనున్న తెలుపో, తనపై బడిన వెలుతురులో నూటికి డెబ్బదిపాళ్లకు తక్కువగాక గదిలోనికి మరల్చును. ముదురురంగులు మిక్కిలి కొంచెమే మరల్చును. ఒకే కిటికీ గల నేటి గదికి ఈ పాతపద్ధతియే తగునని మా యభిప్రాయము. మూడడుగుల యెత్తువఱకు ఇటుకవన్నె, ఆపైన లేతవన్నె వేసిన జాలును. నాలుగు గోడలకు నాలుగు రంగులు వేయించుట అంగడివారికి లాభము, కన్నులకు శ్రమ.

రంగు వేయుటలో మేమొక తప్పు చేసితిమి. గృహప్రవేశముహూర్తము దగ్గఱపడెనని, గోడపూత ఆరకమునుపే నూనెరంగు వేయించితిమి. మొదటి వానకాలము ముగియకముందే అది పొక్కులెత్తి, వెనుక తెల్లని ఉప్పు పొంగి, అరచేయి వెడల్పున పెచ్చులూడినది. క్రొత్త సిమెంటుపూతలో నీరుండును. ఆ నీరు బయటికి వచ్చునప్పుడు లోని లవణములను దెచ్చి గోడపై విడుచును. పైగా ఆ పూతకు సున్నపుగుణ ముండుటచే అది రంగులోని నూనెను సబ్బువలె మార్చి పట్టును చెఱచును. కావున నెలదినములకు తక్కువగాక ఆగవలెను. వానలలోనైన ఇంకను హెచ్చు. ఆలోపల వట్టి వెల్లవేసి కాపురముండవచ్చును. వెల్ల తడిని లోపల బంధింపదు.

మఱియొక సంగతి తల్లిదండ్రులు గమనింపవలెను. రంగులలో గలుపు సీసము పసివారి మెదడునకు హాని చేయును. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని భారతప్రభుత్వము 2016లో నిబంధన చేసెను. అది 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. డబ్బాపై ఈ మాట చదివి కొనుడు. పాతయింటి తలుపునో, ఊయలనో క్రొత్తయింటికి దెచ్చి మరల రంగు వేయునప్పుడు పాతరంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, ఆ చెత్తను పిల్లల కందకుండ తీసివేయవలెను.

ఇక భోజనస్థలము. ఆఱుగురు కూర్చుండు బల్ల అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండును. కుర్చీ వెనుకకు లాగి లేచుటకు చుట్టును మూడేసి అడుగులు విడువవలెను. లెక్కవేయుడు: పదునొకండు తొమ్మిదులు తొంబదితొమ్మిది చదరపు అడుగులు. 560లో నిది ఆఱవవంతుకు మించినది! దినమునకు రెండుగంటల పనికి ఇంత చోటు విడుచుట చిన్న యింటికి తగదు. గోడకు బందులతో బిగించి, పనిలేనప్పుడు క్రిందికి వాల్చు పలకబల్ల చేయించినచో అదియే రాత్రి చదువుబల్ల యగును. పీటలపై కూర్చుండి భుజించుట యిప్పటికిని నామోషీ కాదు. మోదుగాకు విస్తరిలో తినియెరుగని పిల్లలు పట్టణములలో నున్నారు గాని మనకేమి కొఱత?

గోడపై నేమి పెట్టవలెను? జపానుదేశపు పాత యిండ్లలో అతిథులను గూర్చుండబెట్టు గదిలో నొక గూడుండును. అందొక చిత్రపటము, ఒక పూలపాత్ర, అంతే. ఋతువు మాఱినప్పుడు పటము మార్తురు. మనకును ఒకటి రెండు మంచి వస్తువులు చాలును. మనకు ఉత్తరముగా నిర్మలలో తేలికయైన పొనికికఱ్ఱతో బొమ్మలు చేయుదురు. చేర్యాల నకాషీలు బట్టకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల జిగురును పట్టించి, ఎఱ్ఱని నేలపై కథలు చిత్రింతురు. కథలు చెప్పువారు వానిని విప్పి చూపుచు ఊరూర తిరిగెడివారు. ఇట్టి పటమునకు ఎండ సూటిగ తగులరాదు. బల్లపీటపై పఱచుటకు నల్లగొఱ్ఱె ఉన్నితో నేసిన గొంగడియు, దిండ్లకు మన చుట్టుపట్ల తండాల స్త్రీలు అద్దములు, గవ్వలు కుట్టు గుడ్డయు చాలును. అంగడిలోని అచ్చుపూలకంటె నివి ఎక్కువకాలము నిలుచును.

చిత్రములు కొనలేనివారు నిరుత్సాహపడ నక్కఱలేదు. మా యెఱుకలో నొక విద్యార్థి మంజీరానది పటమును తానే గీసి గోడకు దగిలించెను. బాలాఘాటు కొండలలో పుట్టుట మొదలు, 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము కట్టను దాటి, కందకుర్తికడ గోదావరిలో గలియువఱకు అందున్నది. వచ్చిన చుట్టములందఱు మొదట దానియొద్దనే నిలిచి తమ యూరెక్కడనో వెదకుచున్నారు.

కప్పుక్రింద మఱియొక కప్పు వ్రేలాడదీయు వేడుక యిప్పుడు బయలుదేఱినది. పదియడుగుల గదిలో నది అడుగుమేర తగ్గించును. పంకా ఇంకను క్రిందికి దిగును. దాని ఱెక్కలు నేలనుండి ఏడడుగులకు పైన నుండవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మనయూర వేడిగాలి పైకి పోవుటకు చోటు కావలెను. ఆ వ్యయముతో పడమటి కిటికీకి వట్టివేళ్ల తడకయు, పిల్ల చదువుకొను పలకబల్లకు ఎడమవైపున నొక మంచి దీపమును అమర్చుకొనవచ్చును. పిల్ల ఎడమచేతితో వ్రాయునదియైనచో దీపము కుడివైపున నుండవలెను.