మత్తడి దుంకింది అంటే ఏంటి? ఓరుగల్లు మాటల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటే మనలో చాలామందికి పరీక్ష ముందు రాత్రి చదివే సబ్జెక్టు. అక్విఫర్, క్యాచ్‌మెంట్, రన్‌ఆఫ్, సిల్టేషన్... డెఫినిషన్లు బట్టీ పట్టి, రాసేసి, మర్చిపోతాం. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లకు ఈ మాటలు ఇంగ్లీషులోనే పరిచయం. కానీ కొత్తవాడలో పెద్దవాళ్లు మాట్లాడుకునే మాటల్ని ఆ పాఠం పక్కన పెట్టి చూస్తే, సిలబస్‌లో సగం మన ఊళ్లో ఎప్పటినుంచో ఉంది. ఒక్కో పదం చూద్దాం.

1. ఏకశిల
ఓరుగల్లు అన్నా, ఏకశిలా నగరం అన్నా 'ఒకే రాయి' అని అర్థం. కోటలోని ఏకశిల గుట్టను చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. మన కాళ్ల కింద ఉన్నవి దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్, నైస్ రాళ్లు. ఇసుకరాయిలో ఉన్నట్టు గ్రానైట్‌లో నీళ్లు పట్టే సందులు ఉండవు. నీళ్లు నిలిచేది రెండు చోట్లే: పైన శిథిలమై మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో. నీళ్లు దొరికే ఆ పొరనే అక్విఫర్ అంటాం. అందుకే ఒకరింట్లో బోరు వేస్తే నీళ్లు పడతాయి, పక్కింట్లో వేస్తే ఉత్త దుమ్ము లేస్తుంది.

2. చెరువు
అంటే భూమి లోపల మనకున్న గోదాం చిన్నది. వాన ఎక్కువగా పడేదేమో ఏడాదిలో నాలుగు నెలలు. కాబట్టి నీళ్లను పైనే ఆపాలి. కాకతీయులు చేసింది అదే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు 13వ శతాబ్దంలో కట్టినవి, ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. ఆగిన నీళ్లలో కొంత మెల్లగా ఇంకి చుట్టుపక్కల బావుల్లో ఊట పెంచుతుంది. పుస్తకంలో గ్రౌండ్‌వాటర్ రీఛార్జ్ అన్నది దీన్నే. ఇక ఏ నేల మీద పడ్డ వాన ఆ చెరువులోకి వస్తుందో, ఆ నేలంతా దాని క్యాచ్‌మెంట్, అంటే పరీవాహక ప్రాంతం.

3. తూము, మత్తడి
కావాల్సినప్పుడు పొలాలకు నీళ్లు వదిలేది తూము. చెరువు నిండాక మిగిలిన నీళ్లు వాటంతటవే బయటికి పోయేది మత్తడి. అలుగు అని కూడా అంటారు. "చెరువు మత్తడి దుంకింది" అంటే నిండి పారుతోందని, సంతోషంగా చెప్పుకునే కబురు. ఇంజినీరింగ్ లెక్కలో మాత్రం మత్తడే చెరువుకు రక్షణ. మిగులు నీళ్లకు దారి చాలకపోతే అవి కట్ట మీదికెక్కి మట్టిని కోస్తాయి. కట్ట తెగితే అది గండి. గండి అంటే ఏంటో మన నగరం 2023 జులైలో చూసింది. భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ దగ్గర తెగింది.

4. గొలుసుకట్టు
పై చెరువు మత్తడి నీళ్లు కాలువలో పడి కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకో చెరువుకు. మన సీఎస్ఈ వాళ్లకు ఇది లింక్డ్ లిస్ట్. ప్రతి చెరువు ఒక నోడ్, మత్తడి కాలువ దాని పాయింటర్. మధ్యలో పాయింటర్ చెరిపేస్తే ప్రోగ్రాంలో మెమరీ లీకవుతుంది. ఇక్కడ కాలువ మూసేస్తే నీళ్లు వీధుల్లోకి వస్తాయి.

5. పూడిక
వాన నీళ్లతో కొట్టుకొచ్చి చెరువు అడుగున చేరే మట్టే పూడిక. అదే సిల్టేషన్. పూడిక పెరిగినకొద్దీ చెరువులో పట్టే నీళ్లు తగ్గుతాయి. కానీ చెరువుకు భారమైన ఆ సన్నమట్టి చేనుకు బలం. అందుకే రైతులు ఎండాకాలంలో దాన్ని పొలాలకు తోలుకుంటారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కూడా 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలనే లక్ష్యంతో ఈ పాత పద్ధతినే పట్టుకుంది.

6. శిఖం
చెరువు నిండితే మునిగి, నీళ్లు తగ్గితే తేలే భూమి శిఖం. రెవెన్యూ రికార్డుల్లో ఉన్న మాట ఇది. ఈమధ్య దీన్ని ఎఫ్‌టీఎల్ లోపలి భూమి అంటున్నారు. మే నెలలో చూస్తే అది మామూలు మైదానంలాగే ఉంటుంది. శిఖం అన్నవాళ్లకు ఇక్కడికి నీళ్లు మళ్లీ వస్తాయని గుర్తుంటుంది. ఓపెన్ ప్లాట్ అంటే ఆ సంగతి మాటలోంచే పోతుంది. నాకు ఈ పదాల్లో ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది.

7. రన్‌ఆఫ్
ఇంకకుండా నేల మీద పారిపోయే వాన నీళ్లు. చిన్న లెక్క చేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంత వాన 100 గజాల ఇంటి కప్పు మీద పడితే సుమారు 54 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే దాదాపు 11, అదీ ఒక్క ఇంటికే! మట్టి నేలైతే కొంత తాగుతుంది. సిమెంటు రోడ్డు తాగదు.

ఇప్పుడు ఈ ఏడూ కలిపి చూడండి. కింద రాయి, పైన సిమెంటు, మూసుకుపోయిన కాలువలు, ఇళ్లు లేచిన శిఖం భూములు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు మునిగినప్పుడు వాన ఒక కారణం, మిగతావి ఇవి. కొత్తవాడ జంపఖానాల ఊరు. వరంగల్ డర్రీలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గుంట మగ్గం ఉన్న ఇంట్లోకి నీళ్లొస్తే ముందు నిండేది ఆ గుంటే. మగ్గం మీదున్న పడుగు తడిస్తే ఆ ఇంటికి పని ఆగినట్టే. క్యాచ్‌మెంట్, రన్‌ఆఫ్ అనే మాటలు అంత దగ్గరి విషయాలు.

కాబట్టి వచ్చే వానాకాలం లోపు మీ ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. మన ఇంటి ముందు మోరీ నీళ్లు ఏ చెరువుకు పోతాయి? ఆ చెరువు మత్తడి ఎటు దుంకుతుంది? మన ఇల్లున్న చోటు ఇంతకుముందు ఏంటి? మూడో ప్రశ్నకు "శిఖం" అని జవాబొస్తే, దాని డెఫినిషన్ ఇక బట్టీ పట్టక్కర్లేదు.