బొండకొయ్య

చెఱసాల యనగానే ఎత్తైన గోడలును, ఇనుప తలుపులును, కావలివారును మన కన్నులయెదుట నిలుచును. కాని ఆంగ్లప్రభుత్వ కాలమున పల్లెలన్నిటను అట్టి కట్టడములు లేకుండెను. కావున చెఱసాల లేనిచోటికి చెఱసాలనే తరలించు ఉపాయములు పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్దమున ఆస్ట్రేలియాలోని విక్టోరియా సీమయందు కొయ్యపలకలతో చిన్న గదులు చేయించి, ఒక యూర పని తీరినపిమ్మట వేఱొక యూరికి గొనిపోవుచుండిరి. మన దేశపు పల్లెలలో ఆ కార్యము అంతకంటె స్వల్ప సాధనముతో నెఱవేరెను. దానిపేరు బొండకొయ్య.

బొండకొయ్య యనగా రెండు బరువైన కొయ్యలు. ఒకదానిపై నొకటి పెట్టినపుడు నడుమ రంధ్రము లేర్పడును. వానిలో మనుష్యుని కాళ్లుంచి, పై కొయ్యను దించి బిగింతురు. గోడ లేదు, కప్పు లేదు. అయినను కదల వీలులేదు. వచ్చిపోవువా రందఱును చూచుచుందురు. కాళ్ల నొప్పికంటె ఈ యవమానమే పెద్ద శిక్ష.

చెన్నపురి రాజధానిలో 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను గ్రామ మునసబులకు చిన్న తగవులను విచారించి శిక్షించు అధికార మిచ్చెను. తిట్లు, స్వల్పమైన కొట్లాటలు మొదలగు తప్పులకు దోషిని 12 గంటలకు మించకుండ గ్రామచావడిలో నిర్బంధింపవచ్చును. దోషి తక్కువ కులమువాడని యెంచబడినచో 6 గంటలకు మించకుండ బొండ వేయింపవచ్చును. గంటలు తగ్గినవని దీనిని దయ యనుకొనరాదు. ఇది హీనపఱచు శిక్షయని చట్టము వ్రాసినవారే యెఱుగుదురు. తప్పు ఒక్కటియే, శిక్ష మాత్రము పుట్టుకనుబట్టి రెండు విధములు.

మన బొర్రా చుట్టునున్న కొండసీమ కథ కొంత వేఱు. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య న్యాయస్థానముల అధికారమునుండి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించిరి. 'ఏజెన్సీ' యను మాట అందుండియే వచ్చెను. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డు వచ్చెను. మన్యపు జనుల కోపము పెరిగెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి ఆయుధములను గైకొనెను. రాజవొమ్మంగిలో బందీగానున్న వీరయ్యదొరను విడిపించెను. 1924 మే 7న సీతారామరాజు కాల్చి చంపబడెను. 2022లో మన బొర్రా చేరిన జిల్లాకు ఆతని పేరే పెట్టబడెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము చట్టమునెదుట అందఱును సమానులే యని చాటినది. విద్యార్థులారా, ఆ వాక్యమును కంఠస్థము చేయునపుడు బొండకొయ్యను తలంపుడు. ఇద్దఱు బాలురు ఒకే తప్పు చేసినపుడు ఒకనిని చాటున మందలించి, వేఱొకనిని పదిమందిలో నిలువబెట్టుట మనలోను ఉన్నదేమో పరీక్షించుకొందము. కొయ్య పుచ్చిపోయిన మాత్రమున ఆ బుద్ధి పోదు. దానిని మనమే విడువవలెను.