హిట్ వచ్చిందని మెయిల్ పెట్టే ముందు

యాంటీవైరల్ స్క్రీనింగ్‌లో ఉన్నవాళ్లకు ఈ పరిస్థితి కొత్త కాదు. శుక్రవారం సాయంత్రం ప్లేట్ రీడర్‌లో ఒక కాంపౌండ్ మెరుస్తుంది. సోమవారం రివ్యూ, మేనేజర్‌కు నంబర్లు కావాలి. చెయ్యి మెయిల్ మీదికే పోతుంది. ముందు కణాలు బతికే ఉన్నాయో లేదో చూడండి.

హెచ్ఐవీ సోకిన టీ కణాల కల్చర్‌లో వైరస్ ప్రోటీన్ పీ24 తగ్గితే, కాంపౌండ్ వైరస్‌ను ఆపి ఉండొచ్చు, కణాలనే చంపి ఉండొచ్చు. చచ్చిన కణం వైరస్‌ను తయారు చేయదు. 0.5 మైక్రోమోలార్ దగ్గర వైరస్ సగానికి తగ్గి, 1 మైక్రోమోలార్‌కే సగం కణాలు పోతే నిష్పత్తి 2. అది హిట్ కాదు. 100 దగ్గర సగం పోతే నిష్పత్తి 200, అప్పుడు మాట్లాడుకోవచ్చు. నేనూ మొదట్లో ఈ లెక్క చూడకుండా స్లైడ్ పెట్టి, పదిమందిలో నీళ్లు నమిలాను.

ఏ కణంలో పరీక్షించారన్నదీ ముఖ్యమే. హెచ్ఐవీ మందు మరావిరోక్‌కు 2007లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది టీ కణం మీది సీసీఆర్5 రిసెప్టర్‌కు అతుక్కుని వైరస్‌కు దారి మూసేస్తుంది. చాలా ల్యాబ్‌లలో వాడే ఎంటీ-4 కణాల్లో వైరస్ సీఎక్స్‌సీఆర్4 గుండా పోతుంది. అక్కడ మాత్రమే చూస్తే మరావిరోక్ కూడా చెత్తబుట్టకే.

ఇక బ్యాచ్. బెల్జియంలోని లూవెన్‌లో రేగా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సైక్లామ్ అనే పదార్థాన్ని పరీక్షిస్తే ఒక శాంపిల్ వైరస్‌ను ఆపింది. స్వచ్ఛమైన సైక్లామ్ ఆపలేదు. పని చేసింది అందులో కలిసిన మలినం, అంటే రెండు సైక్లామ్‌లు అతుక్కున్న అణువు. ఆ దారిలోనే సీఎక్స్‌సీఆర్4ను అడ్డుకునే ఏఎండీ3100 వచ్చింది. హెచ్ఐవీ మందుగా అది నిలబడలేదు. కానీ ట్రయల్స్‌లో తెల్లకణాలు పెరగడాన్ని ఎవరో పట్టించుకున్నారు. చివరికి 2008లో ప్లెరిక్సాఫోర్ పేరుతో మూలకణాలను రక్తంలోకి రప్పించే మందుగా అనుమతి తెచ్చుకుంది.

ఇలా అందరికీ కలిసిరాదు. చాలాసార్లు మలినం మలినమే. అందుకే తాజాగా సింథసిస్ చేయించి, ప్యూరిటీ రిపోర్ట్ చూసి, మళ్లీ పరీక్షించండి. అప్పటిదాకా మెయిల్‌లో "ప్రాథమిక ఫలితం" అనే రాయండి, బ్యాచ్ నంబర్ తప్పకుండా వేయండి. పాత సీసాను పారేయొద్దని స్టోర్‌కు ఆ రోజే చెప్పండి.