కోసిన పన్ను అడగందే రాదు

జగదల్‌పూర్,
23 నవంబర్ 2025.

చిరంజీవి తమ్ముడికి,

దసరాకి వచ్చినప్పుడు రథం చూడ్డానికి వెళ్తూ నువ్వన్న మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. "నాకు పన్ను కట్టేంత సంపాదనెక్కడిదక్కా, రిటర్నుతో నాకేం పని?" అన్నావు. నీకు పన్ను పడదు, నిజమే. అయినా నీ డబ్బులోంచి పన్ను కోశారు తమ్ముడూ.

నువ్వు వాట్సాప్‌లో పంపిన 26ఏఎస్, అదే నీ పేర జమైన పన్ను పట్టీ, నిన్న రాత్రి కూర్చుని వరస వరసా చూశాను. బచేలిలో నీ బొలేరో కిరాయికి పెట్టుకున్న కంపెనీ నెలకి 35,000 చొప్పున 2024-25లో 4,20,000 ఇచ్చింది. అందులో ఒక శాతం, 4,200, నీ పాన్ మీద ప్రభుత్వానికి జమ చేసింది. నాన్న పోయాక నీ పేర వేసిన డిపాజిట్‌కి 56,000 వడ్డీ వస్తే బ్యాంకు పది శాతం, అంటే 5,600 పట్టుకుంది. రెండూ కలిపి 9,800. డీజిలు, డ్రైవరు జీతం, లోను వడ్డీ, బండి అరుగుదల పోను నీకు మిగిలింది 2,10,000 అన్నావు కదా. వడ్డీ కలిపినా 2,66,000. ఆ ఏడాదికి కొత్త విధానంలో మూడు లక్షల దాకా పన్నే లేదు. ఆ 9,800లో ప్రతి రూపాయీ నీదే.

మరి వాళ్ళే ఎందుకు తిరిగివ్వరు అంటావేమో. కిరాయి ఇచ్చేవాళ్ళకి కిరాయే కనిపిస్తుంది, బ్యాంకుకి వడ్డీయే కనిపిస్తుంది. నీ ఏడాది ఆదాయం మొత్తం ఎంతో వాళ్ళెవరికీ తెలీదు. అది చెప్పాల్సింది నువ్వే, చెప్పే దారి రిటర్ను ఒక్కటే. ఎర్రదుమ్ములో పొద్దున్నుంచి రాత్రిదాకా బండి తిప్పి సంపాదించిన డబ్బు అడక్క వదిలేస్తావా?

మామూలు గడువు సెప్టెంబర్ 16తో అయిపోయింది. ఆలస్యంగా వేసుకోవడానికి డిసెంబర్ 31 దాకా ఉంది. నీ ఆదాయం మూడు లక్షల లోపే కాబట్టి ఆలస్య రుసుం కూడా పడదు. తర్వాత 'అప్‌డేటెడ్ రిటర్ను' వేసుకోవచ్చులే అని ఎవరైనా అంటే నమ్మకు. అది పన్ను తక్కువ కట్టినవాళ్ళు సరిచేసుకోవడానికి, దాంతో రిఫండు అడగనివ్వరు. 2022-23, 2023-24 సంవత్సరాలకి కోసింది కూడా పూర్తిగా పోయినట్టు కాదు. ఆలస్యాన్ని మన్నించమని కారణం చూపిస్తూ ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టాలి, ఒప్పుకుంటేనే రిటర్ను వెయ్యనిస్తారు. సంపాదించిన ఏడాదికి తర్వాతి ఏడాదిని అసెస్‌మెంట్ సంవత్సరం అంటారు, అది ముగిశాక ఐదేళ్ళ దాకా ఆ వీలుంది. కానీ ఆ డబ్బు మీద వడ్డీ ఇవ్వరు, నిర్ణయం అధికారిది. ముందు ఈ ఏడాదిది చేతికి రానీ.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఎక్కువగా వచ్చే చిక్కు పేరు దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి హిందీ కాగితాల్లో దాన్ని చివరికి తోస్తారు. మీ బావగారి పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. రిటర్ను సరిగ్గానే వేశారు, రిఫండు మంజూరైంది కూడా. ఖాతా పేరు కలవలేదని డబ్బు ఆగిపోయింది. బ్యాంకులో పేరు సరిచేయించి, ఖాతా మళ్ళీ ధ్రువీకరించి, రిఫండు తిరిగి పంపమని కోరేసరికి నాలుగు నెలలు పట్టింది. అందుకే నీ పాన్, ఆధార్, పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకో. పాన్‌ని ఆధార్‌తో లింకు చేయకపోతే మరీ నష్టం. పదికి బదులు ఇరవై శాతం కోస్తారు, రిఫండూ ఇవ్వరు.

నీ డ్రైవరు గోండు అబ్బాయి, గిరిజనులకి ఆదాయప్పన్ను ఉండదని ఎవరో చెప్పారన్నావు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని గిరిజన ప్రాంతాలకీ లద్దాఖ్‌కీ ఉంది. మన బస్తర్ ఐదో షెడ్యూలు ప్రాంతం, దీనికి వర్తించదు. పాపం, ఆ మాట నమ్మి అతను రిటర్ను వెయ్యకుండా ఉండిపోతే అతనికి కోసిన పన్నేదైనా ఉంటే అదీ ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. అతని 26ఏఎస్ కూడా తీయించు.

ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే చాయిస్ సెంటర్‌లో రిటర్ను వేయించుకోవడంలో తప్పులేదు. కానీ రిఫండు ఎక్కువ వచ్చేలా చేస్తాం, అందులో ఇంత మాకివ్వండి అనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు. లేని ఖర్చులూ లేని చందాలూ రాస్తారు, రేపు నోటీసు వచ్చేది నీ పేరుకి. వేసిన తర్వాత 30 రోజుల్లో ఓటీపీతో ధ్రువీకరించకపోతే వేయనట్టే లెక్క. అది మర్చిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఏప్రిల్ రాగానే బ్యాంకుకి వెళ్ళి, వడ్డీ మీద పన్ను కోయొద్దని డిక్లరేషన్ ఇచ్చి రా. నీకు పన్ను పడని ఏడాదే ఇవ్వాలి సుమా. బండి కిరాయిలో కోసే ఒక శాతానికి అది పనికిరాదు, దానికి ఏటా రిటర్ను వేయాల్సిందే.

డిసెంబర్ 7 ఆదివారం రైలెక్కి రా. పాన్, ఆధార్, పాస్‌బుక్కు, డిపాజిట్ కాగితం తెచ్చుకో. ఆధార్‌కి ఇచ్చిన నంబరున్న ఫోను ఇంట్లో వదిలి రాకు, ఓటీపీ దానికే వస్తుంది.

ఇట్లు,
మీ అక్క