తలాఖ్ తర్వాత పిల్లల నఫఖా ఎవరి బాధ్యత?

భద్రాచలం వైపు అడవి అంచు గ్రామం నుంచి ఒక సోదరి మమ్మల్ని ఇలా అడిగారు: "నా భర్త లారీ డ్రైవరు. తలాఖ్ ఇచ్చి మహర్, ఇద్దత్ ఖర్చు చెల్లించాడు. పిల్లలు నీ దగ్గరే ఉన్నారు కాబట్టి నువ్వే చూసుకో అంటున్నాడు. నేను ఎండాకాలం తునికాకు కోసి, మిగతా రోజులు మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్నాను. అతని మాట ధర్మసమ్మతమేనా?"

కాదు. తలాఖ్‌తో తెగేది భార్యాభర్తల బంధమే, తండ్రీబిడ్డల బంధం కాదు. మహర్, ఇద్దత్ ఖర్చు భార్య హక్కులు. పిల్లల తిండి, బట్ట, నివాసం, వైద్యం, చదువు పిల్లల హక్కు. ఒకటి చెల్లించినంత మాత్రాన రెండోది తీరిపోదు. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిదేనని, బిడ్డను అడ్డుపెట్టుకుని తల్లిని గాని, తండ్రిని గాని బాధించరాదని సూరె బఖరా 233వ ఆయతు బోధిస్తోంది.

హనఫీ ఫిఖహ్ ప్రకారం మగపిల్లవాడు సుమారు ఏడేళ్ల వరకు, ఆడపిల్ల యుక్తవయస్సు సమీపించే వరకు తల్లి సంరక్షణలో ఉంటారు. దీన్నే హిజానత్ అంటారు. పిల్లలకు సొంత ఆస్తి లేకపోతే ఆ కాలమంతా ఖర్చు తండ్రిదే. కుమారుడు సంపాదించగలిగే వరకు, కుమార్తెకు నికాహ్ అయ్యే వరకు ఈ బాధ్యత కొనసాగుతుంది. తల్లి ఖులా కోరినంత మాత్రాన పిల్లల హక్కు దానంతటదే రద్దు కాదు.

మరి ఎంత ఇవ్వాలి? కలవాడు తన కలిమిని బట్టి, లేనివాడు అల్లాహ్ తనకిచ్చిన దానిలో నుంచి ఖర్చు చేయాలని సూరె తలాఖ్ 7వ ఆయతు సారాంశం. భర్త పిసినారితనం గురించి హజ్రత్ హింద్ (రజి) ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ సరిపడేంత న్యాయంగా తీసుకోమని దైవప్రవక్త (స) అనుమతించారు. అంటే కొలతలు రెండు: పిల్లల అవసరం, తండ్రి స్తోమత. గోదావరి వరదల నెలల్లో లారీ నిలిచిపోతే మొత్తాన్ని మాట్లాడుకుని తగ్గించుకోవచ్చు. ఎగ్గొట్టకూడదు.

ముందుగా ఇరువైపుల పెద్దలు, మస్జిద్ కమిటీ కూర్చుని నెలకు ఎంత, ఏ తేదీన, ఎవరి ఖాతాలో, బడి ఫీజు ఎవరిది అన్నది రాయించాలి. నోటిమాట నిలవదు.

అప్పటికీ తండ్రి ఇవ్వకపోతే చట్టం ఉంది. 1986 నాటి ముస్లిం మహిళల చట్టంలో బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ల ప్రస్తావన చూసి, తర్వాత బాధ్యత లేదనుకునేవారున్నారు. పిల్లల హక్కు దానికి వేరైనదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా భరణం కోరవచ్చని 2024 జూలై 10న తీర్పు ఇచ్చింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లినదే. పాత 125వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను అమలులో ఉంది.

తల్లి తాను నివసించే జిల్లాలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు తేలేలోగా మధ్యంతర భరణం కోరవచ్చు. 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంలో చూపాలి. దరఖాస్తు తేదీ నుంచే భరణం లెక్కిస్తారు. ఆదేశాన్ని కారణం లేకుండా ధిక్కరిస్తే వారంటుతో వసూలు చేస్తారు. అప్పటికీ చెల్లించకపోతే ప్రతి నెల బకాయికి ఒక నెల వరకు జైలు పడవచ్చు. అయితే ఈ వసూలుకు, బాకీ పడిన ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

సోదరీ! మీరు అడుగుతున్నది దానం కాదు, మీ పిల్లల హక్కు. తండ్రులారా! తన పోషణలో ఉన్నవారిని పస్తు పెట్టడమే మనిషి పాపానికి చాలునన్న భావం హదీసులో ఉంది. కోర్టు వారంటు రాకముందే అల్లాహ్ విచారణను తలచుకోండి. మన పిల్లల హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.