వెల్డింగు యంత్రముకడ రైతు పాటింపవలసిన జాగ్రత్తలు

తొలకరికి ముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోని వెల్డింగు దుకాణములకడ రైతులు గుంపులు గూడియుందురు. ఒకరి గొఱ్ఱు కాలు విఱిగియుండును; ఒకరి గుంటక పాస అరిగియుండును; మఱియొకరి ట్రాలీ అడుగురేకు చిల్లులు పడియుండును. పూర్వము ఈ పని యంతయు కమ్మరి కొలిమిలో జరిగెడిది. జూరాల కాలువలును, కల్వకుర్తి ఎత్తిపోతల నీరును వచ్చిన పిమ్మట వరిసాగు పెరిగినది. ట్రాక్టర్లు, కేజ్ వీల్సు, వరికోత యంత్రములు పెరిగినవి. వానితోపాటు విద్యుత్తుతో ఇనుము నతుకు యంత్రమును పల్లెలకు వచ్చినది.

ఈ యంత్రము రైతునకు చేయు మేలు గొప్పది. ఒకనాడు పట్టణమునకు పంపవలసిన పని నేడు గడియలో ముగియుచున్నది. కాని పనిచేయువానికి కనీసము ముఖమునకు అద్దపు కవచమైన నుండును. పని తెచ్చిన రైతునకు అదియును లేదు. “అన్నా, జర ఈ కొస పట్టుకో” యని పిలువగానే రైతు తడికాళ్లతో, వట్టి చేతులతో దగ్గఱకు పోవును. వెంట వచ్చిన పిల్లవాడు ఆ వెలుగును చూచుచు నిలుచుండును. కావున ఈ పాఠము పనివానికెంత యవసరమో రైతునకును అంత యవసరము.

మనము నిప్పురవ్వలకు జంకుదుము. ఈ యంత్రముకడ ప్రాణము తీయు ప్రమాదములు పెక్కు రవ్వలవలె కంటికి కనబడవు. కొన్ని వెలుగు ఆఱినప్పుడు పొంచియుండును. కొన్ని ఇల్లు చేరిన పిమ్మట బయటపడును. వీనిని ముందుగా నెఱుగుటయే జాగ్రత్తకు మొదటి మెట్టు.

యంత్రము పనిచేయు తీరు

స్తంభమునుండి వచ్చు విద్యుత్తు ఒక్క ఫేజునకు 230 వోల్టులు, రెండు ఫేజుల నడుమ సుమారు 415 వోల్టులు నుండును. యంత్రములోని ట్రాన్స్‌ఫార్మరు ఈ వోల్టులను తగ్గించి, ప్రవాహమును, అనగా ఆంపియర్లను, హెచ్చించును. దానినుండి రెండు లావు కేబుళ్లు బయలుదేరును. ఒకటి రాడును పట్టు హోల్డరునకును, రెండవది అతుకవలసిన ఇనుమునకును పోవును. రాడు కొనను ఇనుమునకు తాకించి కొంచెము పైకెత్తగానే నడుమ ఆర్కు వెలుగును. దాని వేడిమి కొన్నివేల డిగ్రీలు. ఇనుము 1,538 సెంటిగ్రేడు డిగ్రీలకు కరగును గనుక, రెండు ముక్కల అంచులును రాడును కలసి కరగి, చల్లబడి యొక్కటి యగును.

రాడుపై నున్న పూత కేవలము రంగు కాదు. స్వీడను దేశీయుడగు ఆస్కార్ షెల్‌బెర్గ్ 20వ శతాబ్దపు తొలి దశాబ్దములో పూతరాడును కనిపెట్టెను. పూత కాలగా వెలువడు వాయువు కరగిన ఇనుమునకు గాలి తగులనీయదు. మిగిలినది చిట్టెముగా పైన గట్టిపడును. చెమ్మపట్టిన రాడుతో వేసిన అతుకులో బుడగలు పడును. అట్టి అతుకు చూపునకు బాగుండియు బరువు పడినప్పుడు విఱుగును. నిండు ట్రాలీ దారిలో పోవుచుండగా కొక్కెపు అతుకు ఊడిన నేమగునో వేఱుగ చెప్ప నక్కఱలేదు. రాడ్లను వానకాలమున మూతగల డబ్బాలో నుంచవలెను. ఎన్ని ఆంపియర్లు పెట్టవలెనో రాడ్ల పెట్టెపై ముద్రించియుండును, 3.15 మిల్లీమీటర్ల రాడునకు సాధారణముగా 90 మొదలు 130 వఱకు సరిపోవును.

వెలుగు ఆఱినప్పటి ప్రమాదము

ఆర్కు వెలుగుచున్నప్పుడు రాడునకును ఇనుమునకును నడుమ 20 మొదలు 30 వోల్టులు మాత్రమే యుండును. ఆర్కు ఆఱి, యంత్రము మాత్రము నడచుచున్నప్పుడు అవి 50 మొదలు 80 వోల్టులకు పెరుగును. అనగా పనివాడు రాడు మార్చునప్పుడును, చెమట తుడుచుకొనునప్పుడును, హోల్డరును ప్రక్కన బెట్టి మాటలాడునప్పుడును ప్రమాద మెక్కువ.

ఎనుబది వోల్టులు స్వల్పమని తోచవచ్చును. లెక్క చూడుడు. చెమటతోనో వాననీటితోనో తడిసిన శరీరము విద్యుత్తున కొసగు నిరోధము సుమారు వేయి ఓములకు దిగవచ్చును. డెబ్బది వోల్టులను వేయిచే భాగించిన 70 మిల్లీ ఆంపియర్లు వచ్చును. పది పదునైదు మిల్లీ ఆంపియర్లకే కండరములు బిగిసి పట్టిన చేయి విడివడకపోవచ్చును. ఏబది దాటిన ప్రవాహము కొన్ని క్షణములు ఎదగుండ పాఱినచో గుండె లయ తప్పి ఆగవచ్చును. ఎండకాలపు చెమటయు, మడి తడియు ఈ లెక్కను నిజము చేయును.

కావున రాడును పొడి తోలు తొడుగుతోనే మార్చవలెను. హోల్డరును చంకలో పెట్టుకొనరాదు. అతుకు ఇనుముపై కూర్చుండి పనిచేయరాదు. పనివాడును, కొస పట్టువాడును పొడి చెక్కపై, చెప్పులతో గాక బూట్లతో నిలువవలెను. చినుకు పడగానే పని యాపవలెను. పని యాగిన స్విచ్చి కట్టవలెను. ఆర్కు లేనప్పుడు వోల్టులను తానే తగ్గించు సాధనము గల యంత్రములు నేడు దొరకుచున్నవి. క్రొత్తగా కొనువారు దానిని అడిగి తీసికొనుట మేలు.

“ఎర్తు” అను మాటలోని పొరపాటు

ఇనుమునకు తగిలించు రెండవ కేబులును మన దుకాణములలో ఎర్తు వైరందురు. ఈ పేరు మోసము చేయును. అది విద్యుత్తు తిరిగి యంత్రమునకు పోవు దారి మాత్రమే. మనలను కాపాడు ఎర్తింగు కాదు. యంత్రము లోపల తీగపూత చెడి, స్తంభపు విద్యుత్తు పైరేకునకు తగిలినచో ఆ రేకు ముట్టినవానికి 230 వోల్టులు తగులును. దానిని నివారించుటకు యంత్రపు రేకునుండి వేఱొక తీగ భూమిలోని ఎర్తు గుంటకు పోవలెను. వేసవిలో ఆ గుంటకు నీరు పోయుచుండవలెను.

రెండవ కేబులు కొక్కెమును అతుకు చోటునకు దగ్గఱగా, తుప్పు గీకిన ఇనుముపై బిగింపవలెను. దూరముగా తగిలించినచో ప్రవాహము ట్రాక్టరు బేరింగులగుండను, గొలుసులగుండను పోయి వానిని చెఱచును. ట్రాక్టరుపై పని చేయుటకు ముందు బ్యాటరీ తీగలు తీసివేయవలెను.

30 మిల్లీ ఆంపియర్లకే విద్యుత్తు నాపు రక్షక స్విచ్చిని ప్రతి దుకాణమున పెట్టవలెను. అయితే అది స్తంభపు వైపు తీగలకే కాపు. ట్రాన్స్‌ఫార్మరు కావలనున్న హోల్డరు తగిలిన నది పనిచేయదు. స్విచ్చి యున్నదని తొడుగులు విడువరాదు. సాకెట్టులో ఒట్టి తీగలను దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుట, స్తంభపు తీగలకు కొండ్లు తగిలించుట ప్రాణముతో ఆడుటయే. తెగిపడిన తీగ కనబడినచో దగ్గఱకు పోక 1912 నంబరునకు తెలుపవలెను.

కన్ను

ఆర్కునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు ఎండ చర్మమును కాల్చినట్లు కంటి పైపొరను కాల్చును. ఆ సమయమున నొప్పి తెలియదు. ఆఱు మొదలు పండ్రెండు గంటల పిమ్మట, తఱచుగా నడిరేయి, కన్నులలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారుట, దీపము చూడలేకపోవుట కలుగును. చనుబాలు పిండుట, ఆకుపసరు పోయుట కీడు చేయును. కాలిన పొరపై క్రిములు చేరును. కన్ను నలుపక, చల్లని తడిగుడ్డ మూసిన ఱెప్పలపై వేసి, వైద్యుని చూడవలెను. సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గునుగదా యని మరల మరల ఆర్కును చూచుట మంచిది కాదు.

ఎండకు పెట్టుకొను నల్లద్దములు ఇందుకు చాలవు. నూఱు ఆంపియర్ల పనికి 10 లేక 11వ నంబరు అద్దము గల కవచము కావలెను. కొస పట్టువానికిని అట్టి కవచమే యీయవలెను. చూచువారికి అడ్డుగా రేకు తెర నిలుపవలెను. చిట్టెము కొట్టునప్పుడు తెల్లద్దములు పెట్టుకొనవలెను. వేడి పెంకు కంటిలో పడిన చూపు పోవును.

నిప్పు, పీపా, టైరు

గద్వాల ప్రాంతము పత్తి విత్తనమునకు పేరొందినది. ఇండ్లలో పత్తి, పశువుల కొట్టములకడ గడ్డి, వరిగడ్డి వాములు నుండును. రవ్వ పది మీటర్ల దూరము పోగలదు. పత్తిలో పడిన రవ్వ వెంటనే మంట చూపదు. లోలోపల రాజి గంటకో రెండు గంటలకో పైకి లేచును. పనికి ముందు చుట్టునున్న పత్తిని, గడ్డిని, డీజిలును దూరముగా తొలగింపవలెను. ఇసుక బకెట్టు దగ్గఱ నుంచుకొని, పని ముగిసిన పిమ్మట ఒక గంటసేపు ఆ చోటును కనిపెట్టియుండవలెను. కరెంటు కట్టక మునుపు విద్యుత్తు మంటపై నీరు పోయరాదు.

డీజిలు పీపాగాని, మందులు పోసిన డ్రమ్ముగాని ఖాళీగా నున్నదని అతుకువేయరాదు. అడుగున మిగిలిన చుక్క ఆవిరియై గాలితో కలసి తుపాకిమందువలె పేలును. నిండు పీపా కంటె ఖాళీ పీపాయే యీ విషయమున ప్రమాదకరము.

చక్రపు రిమ్ము నతుకునప్పుడు టైరును తప్పక ఊడదీయవలెను. గాలి తీసినంత మాత్రమున చాలదు. వేడికి లోని రబ్బరు మాడి మండు వాయువు పుట్టి, టైరు పేలి మనిషిని ఎత్తివేయును. టైరు విప్పుట కష్టమని తొందరపెట్టువాడు తఱచుగా రైతే. ఆ తొందర మానవలెను.

పొగ

తెల్లని జింకుపూత గల పైపులను, రేకులను అతుకునప్పుడు తెల్లపొగ లేచును. దానిని పీల్చినవారికి సాయంకాలము చలి, జ్వరము, ఒడలినొప్పులు వచ్చును. మలేరియా యని భ్రమపడుదురు. పూతను గీకి, గాలి వచ్చు వైపు నిలిచి పనిచేయవలెను. మూసిన గదిలో, బావిలో, ట్యాంకు లోపల పని పెట్టరాదు. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున మంటలు లేచి, పొగ నిండగా, తొమ్మిదిమంది వెలుపలికి రాలేక మరణించిరి. అది వెల్డింగువలన జరిగినది కాదు. అయినను విద్యుత్తు నెఱిగినవారికే మూసిన చోట పొగ దారి విడువదని అది తెలుపుచున్నది.

ఆపద వచ్చినప్పుడు

విద్యుత్తు తగిలినవానిని ముట్టుకొనరాదు; ముందు మెయిన్ స్విచ్చి కట్టవలెను. అది వీలుగానిచో పొడి చెక్కపై నిలిచి, పొడికఱ్ఱతో తీగను తొలగింపవలెను. వెంటనే 108కి తెలుపవలెను. శ్వాస లేనిచో వెల్లకిల పరుండబెట్టి, ఎదురొమ్ము నడుమ రెండు అఱచేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మాఱులు, రెండంగుళముల లోతునకు, వాహనము వచ్చువఱకు నొక్కుచుండవలెను. లేచి కూర్చున్నవానిని గూడ వైద్యునికి చూపవలెను. కాలిన చోట ఇరువది నిమిషములు చల్లని నీరు పోయవలెను. పేస్టుగాని సిరాగాని పూయరాదు. ప్రధాన స్విచ్చి ఎక్కడ నున్నదో దుకాణమున కడుగుపెట్టినవా రందఱు ముందే చూచియుంచుకొనవలెను.

సంఘము చేయదగినది

పై జాగ్రత్తలకు కావలసినవి రెండు కవచములు, రెండు జతల తొడుగులు, ఒక రేకు తెర, ఇసుక బకెట్టు, ఎర్తు గుంట. ఇవి ఒక్కని సంచికి బరువు కావచ్చును, సంఘమునకు కావు. ఎరువులును విత్తనములును ఉమ్మడిగా తెప్పించు సహకార సంఘములు తమ గోదాములో రెండు కవచములను, తొడుగులను నుంచి, అతుకుపనికి పోవు సభ్యునకు విత్తనపు గొఱ్ఱు ఎరువిచ్చినట్లే యిచ్చి మరల పుచ్చుకొనవచ్చును. తొలకరికి ముందు జరుగు సభ్యుల సమావేశమున ఊరి వెల్డింగు పనివానిని పిలిచి, ఎర్తు గుంటయు, రక్షక స్విచ్చియు పెట్టినవానికే మన పని ఇత్తుమని చెప్పవచ్చును. ఒక్కని మాట కంటె నూర్గురి మాటకు బలము గలదు.

గొఱ్ఱు విఱిగిన మరల అతుకవచ్చును. దానిని పట్టు చేతికిని, సాలు చూచు కంటికిని మరల అతుకు లేదు. పనికి పోవునప్పుడు విఱిగిన ఇనుముతోపాటు ఈ నాలుగు మాటలను గూడ వెంట తీసికొని పొండు. పిల్లలను మాత్రము ఇంటికడనే విడిచి పొండు.