వేరుశనగలో కాండం కుళ్ళు వైరస్: ప్రవేశం, మనుగడ, వ్యాప్తి

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగ పంట కాండం కుళ్ళు తెగులుకు గురైనది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా. లక్షణాలు మొవ్వు కుళ్ళు తెగులును పోలియున్నను, కారకం టొబాకో స్ట్రీక్ వైరస్ అని పరీక్షలలో నిర్ధారణ అయినది. రెండు తెగుళ్ళకూ తామర పురుగులతో సంబంధమున్నది. కాని వైరస్ నిలిచే చోటు, వ్యాపించే తీరు వేరు. ఈ భేదం తెలియనిదే రైతుకు సరైన సలహా ఇవ్వడం సాధ్యం కాదు.

మొక్కలోనికి ప్రవేశం

వైరస్ తనంతట తాను మొక్క కణకవచాన్ని ఛేదించలేదు. దానికి గాయం కావలెను. వ్యాధి సోకిన వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో ఈ వైరస్ ఉండును. పూలలో తిరిగే తామర పురుగులకు అంటుకొని ఈ పుప్పొడి వేరుశనగ ఆకులపైకి చేరును. పురుగులు లేత ఆకులను గీకి రసం పీల్చునపుడు ఏర్పడే గాయాల ద్వారా పుప్పొడిలోని వైరస్ కణాలలో ప్రవేశించును. ఇక్కడ పురుగు కేవలం మోసుకొనివచ్చునదే. దాని శరీరంలో వైరస్ వృద్ధి చెందదు. మొవ్వు కుళ్ళు వైరస్ ఇందుకు భిన్నం. అది పిల్ల పురుగు దశలో గ్రహింపబడి, పురుగు శరీరంలోనే వృద్ధి చెంది, రెక్కల పురుగు ద్వారా వ్యాపించును.

మొక్కలో వ్యాప్తి

ఈ వైరస్ జన్యుపదార్థం మూడు ఆర్.ఎన్.ఎ. ముక్కలుగా ఉండును. మూడూ ఒకే కణంలోనికి చేరిననే వ్యాధి సంక్రమించును. అక్కడ వృద్ధి చెందిన వైరస్, తాను తయారుచేయించుకొన్న ప్రొటీన్ సాయంతో కణాల మధ్యనుండే సన్నని దారులను వెడల్పు చేసికొని ప్రక్క కణాలకు సాగును. ఆహారాన్ని చేరవేసే నాళాలలో ప్రవేశించిన పిమ్మట పిండిపదార్థాలతో పాటు ఎదిగే చివళ్ళకు చేరును. అందుచేతనే లేత ఆకులపై గోధుమ రంగు మచ్చలు, ఆపై తొడిమ, కాండం, మొవ్వు ఎండిపోవడం కనిపించును. మొదటి నెలలో వ్యాధి సోకిన మొక్కలు సాధారణంగా చనిపోవును.

మనుగడ

వైరస్ సోకిన వయ్యారిభామ తరచుగా ఏ లక్షణమూ చూపదు. తొలకరి వానలకు మొలిచి, వేరుశనగ లేతగా ఉన్న రోజులలోనే పూతకు వచ్చును. వేరుశనగ పూవులో కేసరాలు ఆకర్షణ పత్రాల మధ్య మూసుకొనియుండును గనుక పుప్పొడి సులభంగా బయటకు రాదు. వేరుశనగ విత్తనం ద్వారా ఈ వైరస్ సంక్రమించినట్లు పరీక్షలలో కనబడలేదు. కావున ఎండిన వేరుశనగ మొక్క ప్రక్క మొక్కకు ముప్పు కాదు. గట్టుమీద పచ్చగా పూచిన కలుపు మొక్కయే ముప్పు.

యాజమాన్యం

తెగులు సోకిన మొక్కలను పీకివేయమనుట మన వాడుక సలహా. ఈ తెగులు విషయంలో దానివలన కూలి ఖర్చు పెరుగుటే గాక, పైరులో ఖాళీలు ఏర్పడి తామర పురుగులు వాలుటకు అనుకూలించును. దానికి మారుగా:

• గట్లు, బీళ్ళు, బాటల వెంట వయ్యారిభామను పూతకు ముందే గ్రామమంతా కలసి తొలగించవలెను.
• సిఫారసు చేసిన మొక్కల సాంద్రత పాటించవలెను.
• పొలం చుట్టూ కనీసం నాలుగు వరుసల జొన్న లేదా సజ్జను రక్షక పైరుగా వేయవలెను.
• ఈ వైరస్ సోకే ప్రొద్దుతిరుగుడు, బంతి పైర్ల ప్రక్కన వేరుశనగ వేయరాదు.
• తొలిదశలో తామర పురుగుల నివారణకు ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేయవలెను.

తెగులు పరిశీలనకు పొలానికి వెళ్ళిన విస్తరణ శాస్త్రవేత్త, విద్యార్థి మొదట చూడవలసినది సాళ్ళను కాదు, గట్టును.